42 ఏళ్ల పుజోల్స్ విలువ లెక్కతో ఎలా చూపించాలి?

2022లో అమెరికా బేస్‌బాల్ జట్టు కార్డినల్స్ ఆల్బర్ట్ పుజోల్స్‌ని పాత అభిమానంతోనే ఆడించిందని మీ స్నేహితుడు అంటే, కాదని మీరు వాదించారు. మీ వాదన తేలిపోవడానికి కారణం మీరు చూపిన .270 బ్యాటింగ్ సగటు. అందులో సింగిలూ (ఒక్క బేస్ చేర్చే హిట్) హోమ్ రన్నూ (నాలుగు బేస్‌లూ చుట్టించే హిట్) ఒకటే. మీ స్నేహితుడికి ఆ అంకె చాలదు.

1. ఓపీఎస్ చెప్పండి: ఆన్‌బేస్ (బేస్ చేరిన రేటు) .345, స్లగ్గింగ్ (హిట్లతో సాధించిన బేస్‌ల సగటు) .550, కలిపితే .895. ఆ వయసులో ఇది మామూలు విషయం కాదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: హోమ్ రన్లు ఎన్ని అని కాదు, ఎన్ని అట్-బ్యాట్లకు (వాక్‌ల వంటివి తీసేసి లెక్కించే బ్యాటింగ్ అవకాశాలు) ఒకటి అని చూడాలి. ఆయన కొట్టిన 24 తక్కువే అనిపిస్తుంది. కానీ ఆయనకు దొరికినవి 307 అట్-బ్యాట్లే. 307ను 24తో భాగించండి, దాదాపు 12.8 వస్తుంది. రోజూ ఆడి 550 అట్-బ్యాట్లు తెచ్చుకునే కుర్రాడు ఈ వేగం అందుకోవాలంటే 43 కొట్టాలి.

3. స్ప్లిట్స్ పట్టికలో (ఎలాంటి బౌలింగ్ మీద ఎలా ఆడాడో విడదీసి చూపేది) ఎడమచేతి పిచర్ల (బంతి విసిరేవాళ్ల) వరస విడిగా చూపించండి. ఆయన్ను ముఖ్యంగా వాళ్లను ఎదుర్కోవడానికే తీసుకున్నారు.

ఫీల్డింగ్, పరుగు జోలికి వెళ్లకండి, అక్కడ ఓడిపోతారు. ఆయన ఫీల్డింగ్ చేసే ఫస్ట్ బేస్‌లో అప్పుడు ఎలాగూ పాల్ గోల్డ్‌ష్మిట్ ఉండేవాడు. కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్‌కి డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్‌కి మాత్రమే దిగే ఆటగాడు) శాశ్వతంగా వచ్చింది ఆ ఏడాదే.

ఇంకా వినకపోతే ఆయన ఆ ఏడాది జీతం చెప్పండి: 25 లక్షల డాలర్లే.