టెక్ సందేహాలు: ఐ9 అక్కర్లేదు, పాత ఐ7 వద్దు

ప్రశ్న: రెండు డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేయించాలి. ఒకటి మా అబ్బాయి గేమ్స్‌కి. రెండోది ఇంట్లో అందరికీ: ఆన్‌లైన్ క్లాసులు, బ్యాంకు పనులు, వీడియో కాల్స్. గేమింగ్‌కి 14వ తరం ఐ9, జడ్790 బోర్డు తీసుకోమంటున్నారు. ఇంటి పీసీకి సెకండ్ హ్యాండ్ ఐ7-7700 చాలంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ఆ రెండు సలహాలూ పక్కన పెట్టేయండి.

ముందు అబ్బాయి పీసీ సంగతి. ఐ9-14900కేలో 24 కోర్లు (పని చేసే విభాగాలు) ఉంటాయి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు అవన్నీ పనికొస్తాయి గానీ, గేమ్ నడిచేటప్పుడు వాటిలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. తెర మీద ఫ్రేములు (సెకనుకు మారే బొమ్మలు) పెంచేది ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు. కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే ఇచ్చి, ప్రాసెసర్‌గా ఏఎండీ కంపెనీ రైజన్ 5 7600 తీసుకోండి. 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 65 వాట్లు. పెద్ద కూలర్ కూడా అవసరం లేదు.

అబ్బాయి ఆడేది పోటీ షూటింగ్ గేమ్సా? 1080పీ మానిటర్ మీద సెకనుకు 240 ఫ్రేములు కావాలంటాడా? అప్పుడు మాత్రం ప్రాసెసర్ మీద ఖర్చు పెట్టొచ్చు. రైజన్ 7 7800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలి వేగమైన మెమరీ) ఉంటుంది. గేమ్‌కి పదే పదే కావలసిన డేటా చిప్‌లోనే దొరుకుతుంది కాబట్టి ర్యామ్ దాకా పరుగెత్తే పని తగ్గుతుంది. అదే 1080పీ కన్నా ఎంతో స్పష్టమైన 4కే తెర మీద ఆడితే ముందు అలసిపోయేది గ్రాఫిక్స్ కార్డే. అక్కడ ఈ చిప్ కొన్నా పెద్ద తేడా కనిపించదు.

ఇక బోర్డు. ఖరీదైన బోర్డు కొంటే ఫ్రేములు పెరుగుతాయనుకోవడం భ్రమ. నేను చూసేది సాకెట్, అంటే బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు. జడ్790లో ఉండే ఎల్‌జీఏ1700 సాకెట్ ప్రయాణం 14వ తరంతోనే ముగిసింది. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ చిప్‌లకు ఎల్‌జీఏ1851 కావాలి. అంటే రేపు ప్రాసెసర్ మార్చాలంటే బోర్డూ మార్చాల్సిందే. పైగా 13, 14 తరాల పెద్ద చిప్‌లలో క్రాష్‌ల సమస్య ఉందని ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. 2024లో మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. ఇప్పటికే ఆ చిప్‌లు వాడుతున్నవాళ్లు బయాస్ (బోర్డులోనే ఉండే, పీసీని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశారో లేదో ఈ రోజే చూసుకోండి.

7600కి ఏఎం5 సాకెట్ బోర్డు కావాలి. బీ650 సరిపోతుంది. ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ని మామూలు కన్నా వేగంగా నడపడం) కూడా అందులోనే కుదురుతుంది కాబట్టి ఇంకా ఖరీదైన ఎక్స్670 జోలికి వెళ్లక్కర్లేదు. వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంట్ అందించే భాగం) మీద వేడి లాగే హీట్‌సింక్, ఎస్‌ఎస్‌డీలు పెట్టడానికి రెండు ఎం.2 స్లాట్లు, వెనక తగినన్ని యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయా అన్నది చూడండి. రంగురంగుల లైట్లు మీ ఇష్టం.

ఇంటి పీసీకి వద్దాం. ‘ఐ7’ అన్న పేరు చూసి మోసపోకండి. ఐ7-7700లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఐ3-12100లోనూ అంతే, పైగా ఇదే వేగంగా పనిచేస్తుంది. అసలు మెలిక ఇంకోటుంది: 7700ని విండోస్ 11 అధికారికంగా సపోర్ట్ చేయదు. విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాంకు పనులు చేసే పీసీకి ఇది చిన్న విషయం కాదు.

ఐ3-12100, హెచ్610 బోర్డు, రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగమైన స్టోరేజ్)... ఇంటికి ఇంతకన్నా అక్కర్లేదు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న చిప్ మాత్రం వద్దు. దానిలో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాల్సి వస్తుంది. హెచ్610 బోర్డులు డీడీఆర్4 ర్యామ్‌కి వేరు, దాని తర్వాతి తరం డీడీఆర్5కి వేరు. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో పట్టదు.

ప్రశ్న: కొత్త ఏఎం5 పీసీ బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావడం లేదు. బోర్డు పాడైందా?

జవాబు: కంగారు పడకండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఈ బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌ని పరీక్షించి సెట్ చేసుకుంటాయి. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. ఇది తెలియక నేను మొదటిసారి ర్యామ్ పీకి, మళ్లీ పెట్టి, మళ్లీ పీకి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. పీకినప్పుడల్లా ట్రైనింగ్ మొదటికొచ్చేది మరి! పావుగంట ఆగినా రాకపోతే, హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా చూడండి. ఆ తర్వాత అనుమానించాల్సింది బయాస్‌ని. బోర్డు తయారయ్యాక వచ్చిన ప్రాసెసర్‌ని పాత బయాస్ గుర్తుపట్టదు. వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తోనే అప్‌డేట్ చేయొచ్చు.

ప్రశ్న: 6000 స్పీడ్ ర్యామ్ కొన్నాను. టాస్క్ మేనేజర్‌లో 4800 అని చూపిస్తోంది. మోసపోయానా?

జవాబు: లేదు. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, ఇంటెల్ బోర్డైతే ఎక్స్‌ఎంపీ. పనిలో పనిగా మూత తీసి చూడండి: నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లే ఉంటే, సాధారణంగా అవి ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి.