జ్వరానికి కూడా ‘సఫరింగ్’ ఏంటండీ?

ప్రశ్న: మేడమ్, నేను స్టాఫ్ నర్స్‌ని, యూకే వెళ్దామని ఓఈటీకి (డాక్టర్లు, నర్సుల లాంటివాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) ప్రిపేర్ అవుతున్నా. రిఫరల్ లెటర్ (పేషెంట్‌ని వేరేవాళ్ల దగ్గరకు పంపుతూ రాసే ఉత్తరం) ప్రాక్టీస్ చేస్తుంటే ‘సఫరింగ్ ఫ్రమ్’ అని రాసిన చోటల్లా మా సార్ కొట్టేస్తున్నారు. అది తప్పా? మరి ఏం రాయాలి?

జవాబు: గ్రామర్ ప్రకారం తప్పేం కాదమ్మా. స్కూల్లో లీవ్ లెటర్ అంటే ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని బట్టీ కొట్టించారు కదా, అది మనల్ని వదల్లేదు అంతే. మైగ్రేన్, ఆస్తమా లాంటివి ఏళ్ల తరబడి పీడిస్తుంటే సఫర్ బాగానే ఉంటుంది, రెండ్రోజుల జ్వరానికి వాడితే కాస్త ఓవర్‌గా అనిపిస్తుంది. మామూలుగా ‘హావ్’ చాలు: ఐ హావ్ ఎ ఫీవర్, షి హాజ్ డెంగీ. ‘ఐ యామ్ హావింగ్ ఫీవర్’ మాత్రం మన దగ్గరే చెల్లుతుంది, అక్కడ వద్దు. (హార్ట్ ఎటాక్ కళ్లముందే వస్తుంటే ‘హి ఈజ్ హావింగ్’ అనొచ్చు, అనాలి కూడా.)

అసలు తిప్పలు జబ్బు ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు. మనకి జలుబూ వస్తుంది షుగరూ వస్తుంది క్యాన్సరూ వస్తుంది, అన్నిటికీ ఒకటే ‘రావడం’. ఇంగ్లిష్‌లో అంటుకునేవాటికి క్యాచ్: కాట్ ఎ కోల్డ్, కాట్ చికెన్‌పాక్స్. షుగర్‌కి కూడా క్యాచ్ అంటే పక్కింటాయన దగ్గర అంటించుకొచ్చినట్టు ఉంటుంది, అది ఒంట్లో మెల్లగా ముదిరేది కాబట్టి ‘డెవలప్డ్ డయాబెటిస్’. ఆపరేషన్ తర్వాత బెడ్ మీదున్న పేషెంట్‌కి న్యుమోనియా వచ్చినా, బెడ్‌సోర్ వచ్చినా డెవలప్డే, మీ లెటర్లలో ఇదే ఎక్కువ పనికొస్తుంది. ‘కాంట్రాక్టెడ్ మలేరియా’ అంటే క్యాచ్‌కే సూటూ బూటూ వేసినట్టు. ఏదీ తోచకపోతే మాట్లాడేటప్పుడు ‘గాట్’ అనేయండి, ఎవరూ ఏమనుకోరు.

ఇక లెటర్ సంగతి. పేషెంట్ ఏ బాధతో వచ్చాడో చెప్పడానికి ‘ప్రెజెంటెడ్ విత్’, టెస్టులు చేసి ఏ జబ్బో తేల్చాక ‘వాజ్ డయాగ్నోజ్డ్ విత్’. ఈ రెండూ కలిపేసి ‘డయాగ్నోజ్డ్ విత్ ఫీవర్ అండ్ హెడేక్’ అని రాసేవాళ్లు బోలెడుమంది, జ్వరం లక్షణం కదా, తేల్చిన జబ్బు ఏదమ్మా మరి? మన కేస్ షీట్లలో రాసే ‘నోన్ కేస్ ఆఫ్ డయాబెటిస్’ కూడా పక్కన పెట్టేయండి, మనిషిని పట్టుకుని కేసు అనడం నాకైతే అస్సలు నచ్చదు, ‘హాజ్ టైప్ 2 డయాబెటిస్’ అంటే సరిపోయె.

ప్రశ్న: బీపీ, మోషన్స్ అంటే అక్కడ అర్థం చేసుకుంటారా?

జవాబు: బీపీ అర్థమవుతుంది గానీ ‘హి హాజ్ బీపీ’ అంటే అందరికీ ఉంటుంది కదా అనుకుంటారు, హై బ్లడ్ ప్రెషర్ అని పూర్తిగా చెప్పాలి. మోషన్స్ బదులు ‘హాజ్ డయేరియా’. వామిటింగ్స్‌కి చివర ఆ ‘స్’ తీసేసి, ‘హాజ్ బీన్ వామిటింగ్ సిన్స్ మార్నింగ్’ కాదు, ‘సిన్స్ దిస్ మార్నింగ్’ అనండి.