నోటుపుస్తకం మీది, పేటెంట్ ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఆప్టికల్ ఫైబర్ జాయింట్ బాక్సులు తయారుచేసే సంస్థలో ఫీల్డ్ ఇంజినీరుగా పనిచేశాను. మరమ్మతుకు బాక్సు తెరిచి లోపలి ట్రే ఎత్తినప్పుడల్లా ఫైబరు మడతపడి సిగ్నల్ పడిపోయేది. ట్రే కీలు దగ్గర ఫైబరు ఒక గాడిలో తిరుగుతూ, ఎంత ఎత్తినా బిగుసుగా వంగకుండా ఉండే ఏర్పాటును రాత్రుళ్లు ఇంట్లో కూర్చుని గీశాను. 2023 ఫిబ్రవరిలో ఆ బొమ్మలు ఫొటోలు తీసి మేనేజరు గారికి వాట్సాప్‌లో పంపాను. పేటెంట్ వస్తే రెండు లక్షలు ఇప్పిస్తానన్నారు. ఆగస్టులో సంస్థ దరఖాస్తు వేసింది. ఆవిష్కర్తలుగా యజమాని కొడుకు, మేనేజరు పేర్లు ఉన్నాయి, నా పేరు లేదు. ఉద్యోగం మానేశాక ఈ సంగతి తెలిసి అన్నం సహించడం లేదు. ఆ పేటెంట్ నాకు దక్కాలి. చీటింగ్ కేసు పెట్టవచ్చా? పుస్తకంలో తేదీలు వేయలేదు, ఇప్పుడు వేసి నోటరీ చేయిస్తే చాలా? ఫొటోలు తీసిన ఫోను అమ్మేశాను, బ్యాకప్ ఉంది. మానేశాక బాక్సులోకి నీరు దిగకుండా కొత్త సీలు ఒకటి తయారుచేశాను. అమెరికాలో ఉన్న మా బావ దాన్ని అక్కడ తన పేరుతో వేస్తానంటున్నాడు. వచ్చే నెల ప్రదర్శనలో కూడా పెడుతున్నాను. నియామక పత్రంలో ‘ఉద్యోగకాలంలో విధులకు సంబంధించి చేసే ఆవిష్కరణలు సంస్థకే చెందుతాయి’ అని ఉంది కానీ సంతకం పెట్టేటప్పుడు చదవలేదు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ కేసును తేల్చే వాక్యాన్ని ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు. నియామక పత్రంలోని ఆ షరతు ముందు మిగతా కథంతా నిలవదు. చదవకుండా సంతకం పెట్టానన్నది ఏ న్యాయస్థానమూ వినే వాదన కాదు. చదువుకున్న ఇంజినీరు, సొంత చేతి సంతకం. దాన్ని కాదనాలంటే మోసమో బలవంతమో జరిగిందని రుజువు చేయాలి. అలాంటిదేమీ మీరు చెప్పలేదు.

ఉద్యోగి చేసిన ఆవిష్కరణ ఎవరిదన్న ప్రశ్నకు జర్మనీలో 1957 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. సంస్థ దాన్ని తీసుకుంటే ఉద్యోగికి ప్రతిఫలం ఇవ్వాల్సిందే. మన 1970 పేటెంట్ చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. ఇక్కడ ఒప్పందమే దిక్కు. రాత్రి ఇంట్లో గీశాను గనక నాదే అనుకోకండి. సమస్య మీకు ఎదురైంది ఉద్యోగంలో, అది తలెత్తింది సంస్థ బాక్సులో. ‘నా విధి స్థలాల్లో మరమ్మతు చేయడమే, డిజైన్ చేయడం కాదు’ అని వాదించవచ్చు. వాదనగా అది ఉంది, కానీ దాని మీదే బతుకు పెట్టుకోమని నేను చెప్పను.

అయితే సొత్తు ఒకటి, ఆవిష్కర్తగా పేరు మరొకటి. షరతుతో సొత్తు సంస్థకు వెళ్లింది. మీరు గీసిన బొమ్మకు యజమాని కొడుకు ఆవిష్కర్త అయ్యే అధికారం మాత్రం ఏ షరతూ ఇవ్వదు. పేటెంట్ చట్టంలోని 28వ సెక్షన్ మీ కోసమే ఉంది. ఆవిష్కరణకు గానీ, అందులో ముఖ్యమైన భాగానికి గానీ నేను ఆవిష్కర్తను, నా పేరు చేర్చండి అని ఫారం 8లో పేటెంట్ కార్యాలయ అధికారి అయిన కంట్రోలర్‌ను కోరవచ్చు. ఒకటే గడువు: పేటెంట్ మంజూరు కాకముందే కోరాలి. మంజూరైన మరునాడు వెళితే ఈ తలుపు మూసి ఉంటుంది. యజమాని కొడుకు పేరు అక్కడ ఉండకూడదని ధ్రువపత్రం కోరే హక్కు మాత్రం తర్వాత కూడా ఉంటుంది, కానీ దాంతో మీ పేరు చేరదు.

సంగతి తెలిసిందని రాశారు, దరఖాస్తు ఇప్పుడు ఏ దశలో ఉందో ఒక్క ముక్క రాయలేదు. బాధపడటానికి దొరికిన సమయం, పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులో దరఖాస్తు నంబరు కొట్టి చూడటానికి దొరకలేదా? ప్రచురితమైన దరఖాస్తు కాగితాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. ఈ రోజే చూడండి. మొదట దశ చూడండి. తర్వాత ఫారం 1 (దరఖాస్తు), ఫారం 5 (ఆవిష్కర్తలెవరో చెప్పే ప్రకటన) తెరిచి ఎవరెవరు సంతకాలు చేశారో చూడండి. ఆ పైన మొదటి క్లెయిమ్, అంటే ఏది తమ ఆవిష్కరణ అని హక్కు కోరుతున్నారో చెప్పే మొదటి అంశం, అక్షరం అక్షరం చదవండి. కీలు దగ్గరి గాడి, ఫైబరు బిగుసుగా వంగకుండా ఉండే ఏర్పాటు మొదటి క్లెయిమ్‌లోనే ఉంటే మీ మాటకు బలం ఉంది. మొదటి క్లెయిమ్ బాక్సు బిగింపు గురించి, మీ గాడి ఎక్కడో ఏడో క్లెయిమ్‌లో ఉంటే, అది ‘ముఖ్యమైన భాగం’ అవునా కాదా అని పోట్లాడాల్సి వస్తుంది.

ఇక సాక్ష్యం. పాత పుస్తకంలో ఇప్పుడు తేదీలు వేయవద్దు. ఒక్క అంకె కూడా వేయవద్దు. సిరా తేడా, రాత తేడా బయటపడిన క్షణం మీ దగ్గరున్న నిజమైన సాక్ష్యం కూడా అబద్ధం కిందే లెక్క. పైగా దొంగ పత్రం సృష్టించారన్న కేసు మీ మీదే పడుతుంది. తేదీలు వేయకుండా ఈ రోజు నోటరీ చేయిస్తే, పుస్తకం ఈ రోజు ఉందని మాత్రమే రుజువవుతుంది.

మీ ఫైబరులో పరుగెత్తే వెలుగు లేజరుది. ఆ లేజరు మీద అమెరికాలో గోర్డన్ గూల్డ్ చేసిన పోరాటం మీకు తెలియాలి. 1957 నవంబరులో, ఆలోచన వచ్చిన వేడిలోనే, తన నోటుపుస్తకాన్ని దగ్గరలోని మిఠాయి దుకాణానికి తీసుకెళ్లి, నోటరీ కూడా అయిన ఆ దుకాణదారు చేత పేజీల మీద ముద్ర వేయించాడు. అక్కడిదాకా బాగానే చేశాడు. కానీ పనిచేసే నమూనా కట్టాకే దరఖాస్తు వేయాలని అపోహపడి 1959 ఏప్రిల్ దాకా ఆగాడు. అదే ఆలోచన మీద పనిచేస్తున్న టౌన్స్, షాలో అనే శాస్త్రవేత్తలు 1958 జులైలోనే వేసేశారు. గూల్డ్‌కు తొలి కీలక లేజర్ పేటెంట్ దక్కింది 1977లో. అప్పటి అమెరికా చట్టం ముందు కనిపెట్టినవాడికి పెద్దపీట వేసేది కాబట్టే ఆ పుస్తకం అంతకాలం పోరాడటానికి పనికొచ్చింది. మన దగ్గర ముందు దరఖాస్తు వేసినవాడిదే ముందు వరస. ఇక్కడ మీ పుస్తకం పనికొచ్చేది ‘ఇది నా దగ్గర నుంచే వాళ్లకు వెళ్లింది’ అని చూపడానికి. అందుకు మీ బొమ్మ ముందు పుట్టిందని, వాళ్ల చేతికి చేరిందని, రెండూ కనపడాలి.

ఆ రెండూ చూపేది పుస్తకం కాదు, ఫిబ్రవరి నాటి వాట్సాప్ సందేశం. అసలు ఫోను అమ్ముకోవడం మీరు చేసిన అన్నిటికంటే పెద్ద నిర్లక్ష్యం. బ్యాకప్ ఉన్నందుకు సంతోషించి, ఆ సంభాషణలో ఒక్క వరుస కూడా చెరపకుండా ఉంచండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు, అంటే హ్యాష్ విలువ, రాయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైలులో పెడితే సరిపోదు.

ఇంకొక సాక్ష్యం మీకు గుర్తే రాలేదు. కొత్త ట్రేని పరీక్షించి ఉంటే ఫైబరులో ఎక్కడ ఎంత సిగ్నల్ పోతోందో గీత గీసి చూపే ఓటీడీఆర్ యంత్రంతో లైను కొలిచి ఉంటారు కదా! ట్రే ఎత్తినప్పుడు పాత బాక్సు దగ్గర రేఖ మెట్టులా కిందికి దిగడం, మీ ట్రేతో ఆ మెట్టు మాయం కావడం, అందులోనూ 1310 కన్నా 1550 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనపడటం ఆ ఫైళ్లలో ఉంటాయి. ఒక్కొక్క ఫైలులో తేదీ, గంట కూడా నమోదవుతాయి. అవి సంస్థ కంప్యూటర్లలో ఉంటాయి. పాత పాస్‌వర్డుతో లోపలికి దూరి కాపీ చేసుకోవద్దు. పత్రాలు తెప్పించడానికి, సాక్షులను పిలిపించడానికి పేటెంట్ చట్టం 77వ సెక్షన్ కింద కంట్రోలర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆ ఫైళ్లు దాఖలు చేయించమని అక్కడే అడగండి. ఆ రోజు మీతో స్ప్లైసింగ్ (ఫైబర్లను అతికే పని) చేసిన సహోద్యోగి ఎవరైనా అఫిడవిట్ ఇస్తే దాని విలువ చాలా ఎక్కువ.

చీటింగ్ కేసు ఆలోచన మానండి. ఎవరు ఆవిష్కర్తో పోలీసు స్టేషన్‌లో తేలదు. రెండు లక్షల మాట వేరు. పేటెంట్ వస్తే ఇస్తామన్న మాట గనక, పేటెంట్ రాకముందు ఆ బాకీ పుట్టలేదు, మూడేళ్ల కాలపరిమితి మొదలు కాలేదు. కాకపోతే నోటిమాట. సంస్థ తరఫున అలా మాట ఇచ్చే అధికారం మేనేజరుకు ఉందా అన్న అడ్డంకీ ఉంది. ‘మీరు చెప్పిన మొత్తం గురించి’ అని మర్యాదగా ఒక సందేశం పంపండి. జవాబు ఏది వచ్చినా సాక్ష్యమే. 28వ సెక్షన్ కింద పేరు చేరినంత మాత్రాన పేటెంట్‌లో వాటా రాదని చట్టమే చెబుతోంది. కానీ ఆవిష్కర్త గురించి తప్పు ప్రకటన ఇచ్చారన్న ప్రశ్న తలెత్తితే రేపు ఆ పేటెంటే రద్దు దాకా వెళ్లవచ్చు. ఆ సంగతి వాళ్ల లాయరుకు బాగా తెలుసు. రాజీకి రప్పించేది అదే.

మీకు పూర్తిగా మిగిలి ఉన్న సొత్తు ఆ కొత్త సీలు. దాన్నే బావ చేతిలో పెట్టబోతున్నారు! భారత్‌లో నివసించేవారు ముందస్తు అనుమతి తీసుకుంటేనో, లేదా ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు గడిస్తేనో తప్ప విదేశంలో వేయకూడదు, వేయించకూడదు. ఇది పేటెంట్ చట్టం 39వ సెక్షన్. దాటితే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కనిపెట్టని బావను ఆవిష్కర్తగా చూపితే అమెరికాలోనూ తప్పుడు ప్రమాణమే అవుతుంది. ఇంతకాలం మీరు తిడుతున్నది ఏ పనినో, బావ చేత చేయించబోతున్నదీ అదే.

ప్రదర్శన కూడా అంతే ప్రమాదం. చట్టం ఇచ్చే పన్నెండు నెలల మినహాయింపు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనలకే. మీరు చెప్పేది అలాంటిది కాకపోతే, సీలు బల్ల మీద పెట్టిన రోజే దాని కొత్తదనం పోతుంది. ఉద్యోగం మానేసిన కాగితం, సీలు గీసిన తేదీలు దగ్గర పెట్టుకుని పేటెంట్ ఏజెంటును కలవండి. సీలులో సంస్థ రహస్య కొలతలు ఏవీ లేవని ఆయనకు చూపించండి. చెన్నై పేటెంట్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయించండి. వ్యక్తికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. దరఖాస్తు నంబరు చేతికి వచ్చాకే సీలును ప్రదర్శనకు తీసుకెళ్లండి. ఈలోగా ప్రదర్శన తేదీ వచ్చేస్తే ఆ ఒక్కసారికి మానేయండి.