ఓహ్తానీ కాంట్రాక్టు: మీ లెక్కలో 70, ట్యాక్స్ లెక్కలో 46 ఎందుకు?

బేస్‌బాల్ ఆటగాడు ఓహ్తానీ డాడ్జర్స్ జట్టుతో చేసుకున్న కాంట్రాక్టును సోటో కాంట్రాక్టుతో పోల్చి, ఈ వాయిదా మోసం కాదా అని అడిగారు. తేడా వస్తున్నది డబ్బు చేతికందే సంవత్సరం దగ్గర. మీరు 700 మిలియన్ డాలర్లను 10 ఏళ్లతో భాగించి ఏటా 70 మిలియన్లు అన్నారు. అందుకే డాడ్జర్స్ లగ్జరీ ట్యాక్స్ (జట్టు జీతాల మొత్తం పరిమితి దాటితే కట్టే పన్ను) లెక్కలో ఏటా సుమారు 46 మిలియన్లే కనిపించడం మీకు అర్థం కావట్లేదు.

1. ఏటా అతనికి అందేది 2 మిలియన్లే. మిగతా 68 వాయిదా.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఆ 68కి వడ్డీ లేదు. 2024 బాకీ 2034లో, 2025 బాకీ 2035లో, అలా 2043 దాకా ఇస్తారు. అంటే ప్రతి బాకీ 10 ఏళ్లు ఆలస్యం. పదేళ్ల తర్వాత వచ్చే 68 ఇవాళ్టి 68తో సమానం కాదు కదా! దాన్ని ఇవాళ్టి విలువకు తగ్గించడానికి వాడే రేటు ఏటా 4.43 శాతం. 1.0443ని పదిసార్లు హెచ్చిస్తే 1.54 వస్తుంది. 68ని దాంతో భాగించండి, 44 వస్తుంది.

3. దానికి 2 కలపండి. 46.

మీరు పోల్చిన సోటోకి ఈ తిప్పలు లేవు. మెట్స్ జట్టుతో 15 ఏళ్లకు 765 మిలియన్లు, వాయిదా లేదు, నేరుగా ఏటా 51. కాబట్టి ట్యాక్స్ లెక్కలో సోటోనే ఎక్కువ ఖరీదు.

వాయిదా నిబంధనల్లో ఉన్నదే. దాన్ని మోసం అనడం నాకు న్యాయంగా అనిపించదు.