ఆ పన్ను ఎవరి చేత తీయించుకోవాలి

చిరంజీవి సుధకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఎక్స్‌రే నిన్న రాత్రే చూశాను. మనసు ఊరుకోక పొద్దున లేచి మళ్లీ చూశాను. కింద కుడివైపు జ్ఞానదంతం నిటారుగా లేదు, ముందున్న పంటికి తల ఆనించి వాలిపోయింది. మీ డెంటిస్టు తానే తీసేస్తానన్నారని, నీ స్నేహితురాలేమో నోటికి, దవడకు ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గరికి తప్ప వెళ్లవద్దంటోందని రాశావు. ముప్పై ఏళ్లు మామూలు దంతవైద్యుడిగా పనిచేశాను. ఇలాంటి పళ్లు నా చేతులతో తీసినవీ ఉన్నాయి, ఫిల్ము చూడగానే సర్జన్‌కు పంపించినవీ ఉన్నాయి. కాబట్టి నేను ఏ పక్షమూ వహించి చెప్పడం లేదు.

అసలు తీయాలా అన్నది ముందు. ఏ బాధా పెట్టకుండా, పక్క పంటికి హాని చేయకుండా ఎముకలో ఉండిపోయిన పన్నును తీసి తీరాలని లేదు. అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. నీ సంగతి వేరు. ఆరు నెలల్లో రెండుసార్లు చిగురు వాచి నోరు తెరవలేకపోయావు. సగం బయటపడిన పంటి మీద చిగురు మూతలా ఉంటుంది, దాని కింద తిన్నది చేరుతుంది, అక్కడికి బ్రష్షు వెళ్లదు. అది మళ్లీ మళ్లీ వాస్తూనే ఉంటుంది. తీయించుకో. అయితే వాపు ఉన్నప్పుడు కాదు, అది పూర్తిగా తగ్గాక.

ఎవరు తీయాలన్నది ఆ పన్ను ఎటు వాలింది, ఎముకలో ఎంత లోతున ఉంది, వేర్లకు నరం ఎంత దగ్గరగా ఉంది అన్నవాటిని బట్టి ఉంటుంది. నిటారుగా ఉండి చిగురు మాత్రమే కప్పిన పన్ను చేయి తిరిగిన డెంటిస్టుకు కష్టం కాదు. ఎముకలో పూడుకుపోయినదైతే చిగురు కోసి, చుట్టూ ఎముక కొంత తొలిచి, పన్నును ముక్కలు చేసి తీసి, కుట్లు వేయాలి. చూపుకు తేలికగా కనిపించి మోసం చేసే పన్ను ఒకటి ఉంది, వెనక్కి వాలినది. కింది దవడలో అది బయటికి రావలసిన వైపే దవడ ఎముక పైకి లేచి అడ్డంగా ఉంటుంది. అనుభవం లేని చేయి అక్కడ చిక్కుకుంటుంది.

నీ విషయంలో నన్ను కలవరపెట్టింది నరం. కింది దవడ ఎముక లోపల సన్నని సొరంగం ఒకటి ఉంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం అందులోనే నడుస్తుంది. ఫిల్ములో అది రెండు తెల్లని గీతల మధ్య నల్లని దారిలా కనిపిస్తుంది. నీ ఫిల్ము తీసి చూడు. ఆ దారి పంటి వేరు దగ్గరికి వచ్చేసరికి పై గీత తెగిపోయింది, వేరు కొన మీద నల్లని పట్టీ పడింది. నరం, వేరు ఒకదానికొకటి ఆనుకుని ఉండవచ్చని దాని అర్థం. ఇది ఓపీజీ, అంటే దవడలు రెండూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే, చదునైన బొమ్మ. నరం వేరుకు ఏ పక్కన ఉందో దీనిలో తెలియదు. అందుకు దవడను అన్ని పక్కల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ కావాలి.

ఇలాంటి పట్టీనే ఒక కుర్రవాడి ఫిల్ములో చూసి కూడా, తీయగలననుకున్నాను. గంట దాటింది. పై భాగం వచ్చింది, వేరు కొన విరిగి లోపల ఉండిపోయింది. కుర్చీ చేతిని పట్టుకున్న అతని వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. అక్కడితో ఆపి, దూది కట్టు పెట్టి, సర్జన్ దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. వేరు బయటికి వచ్చింది, కాని అతని కింది పెదవి నాలుగు నెలలు మొద్దుబారి ఉంది. మంచినీళ్లు తాగుతుంటే గడ్డం మీదికి కారుతున్నట్టు అతనికి తెలిసేది కాదు. వాళ్లమ్మ తుడిచేది. స్పర్శ తిరిగి వచ్చింది. చాలామందికి వస్తుంది, కొద్దిమందికి రాదు. ఆ తర్వాత అలాంటి పన్నును నేను ముట్టుకోలేదు.

అందుకే కింది పన్నును ఓరల్ సర్జన్ చేతే తీయించుకో. వాళ్లు ఏళ్ల తరబడి చేసేది ఈ పనే. వేర్లు నరానికి మరీ దగ్గరగా ఉంటే, పై భాగం మాత్రం కోసి తీసి వేర్లను వదిలేసే పద్ధతి కూడా ఉంది. స్కాన్ చూశాక దాని గురించి అడుగు. పైన కుడివైపు జ్ఞానదంతం నిటారుగా దిగింది, దాన్ని తీయవలసి వస్తే మీ డెంటిస్టు చాలు.

సర్జన్ అన్నంత మాత్రాన ప్రశ్నలు మానుకోకు. ఇలాంటివి తరచుగా తీస్తుంటారా, నా ఫిల్ములో మీకు జాగ్రత్త అనిపించేది ఏది, పెదవి గానీ నాలుక గానీ మొద్దుబారితే ఏం చేస్తారు అని అడుగు. నాలుక నరం కూడా ఆ పక్కనే ఉంటుంది. కొన్ని క్లినిక్కులకు సర్జన్ ఆ ఒక్క పనికే వచ్చి వెళ్తారు. అలాంటప్పుడు రాత్రి రక్తం ఆగకపోతే ఫోను ఎత్తేది ఎవరో, మూడో రోజున పన్ను తీసిన గుంత సలుపు మొదలైతే చూసేది ఎవరో ముందే తెలుసుకో. అన్నిటికీ "ఏమీ కాదమ్మా" అనే వైద్యుడి దగ్గర నుంచి లేచి వచ్చేయ్. ఫిల్ము తెర మీద పెట్టి, నరాన్ని వేలితో చూపించి, ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్లాలి అని చెప్పే మనిషి కావాలి నీకు.

నువ్వు వేసుకునే థైరాయిడ్ మాత్ర సంగతి మరిచిపోకుండా చెప్పు. పరీక్షల ముందు వారం పెట్టుకోకు, రెండో మూడో రోజున వాపు ఎక్కువగా ఉంటుంది. అలాగని ఏళ్లు గడిపేయకు, ఈ వయసులో ఎముక ఇంకా కాస్త మెత్తగా ఉంటుంది, గాయం తొందరగా మానుతుంది.

స్కాన్ తీయించగానే నాకూ పంపు. మీ డెంటిస్టుకు మొహమాటపడి చెప్పలేకపోతే ఆయనతో నేను మాట్లాడతాను, సర్జన్‌కు రాసిమ్మని అడిగితే ఏ మంచి వైద్యుడూ తప్పుగా అనుకోడు. తేదీ ఖాయమైతే చెప్పు, ఆ రోజు నీ వెంట నేను వస్తాను.

మీ మామయ్య