టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ పోర్టల్ దీక్షలో కోర్సు 100 శాతం చూపిస్తున్నా టీచరుకు సర్టిఫికెట్ ఎందుకు రాదు?

నిష్ఠ (కేంద్రం నడిపే టీచర్ల శిక్షణ కార్యక్రమం) కోర్సుల్లో వీడియోలన్నీ చూస్తే సరిపోదు, చివరి క్విజ్‌లో కనీసం 70 శాతం మార్కులు రావాలి. ప్రోగ్రెస్ గీత చెప్పేది పాఠాలు తెరిచారని మాత్రమే. అర్థమైందా లేదా అన్నది క్విజ్ తేలుస్తుంది. ఉదాహరణకు ఆదోని మండలంలో ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) 20 ప్రశ్నల్లో 13 సరిగ్గా రాశారనుకోండి, అది 65 శాతమే. ఇంకొక్కటి కావాలి. ప్రయత్నాలు మూడే, కాబట్టి తొందరపడి నొక్కేయొద్దు.

సిగ్నల్ లేని ఊళ్లో డౌన్‌లోడ్ చేసుకుని చూసినవారికి చిక్కు వేరే: నెట్ అందాక కోర్సు పేజీలో పైనున్న మూడు చుక్కలు నొక్కి ప్రోగ్రెస్ సింక్ చేయాలి. అదీ బ్యాచ్ గడువు ముగిసేలోపే.

సర్టిఫికెట్ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. అక్కడేం ఉండదు, దాన్ని పోర్టలే తయారుచేసి మీ ప్రొఫైల్లో పెడుతుంది, కొన్ని రోజులు పట్టొచ్చు.