హెడ్ మార్చే ముందు క్యాపింగ్ స్టేషన్ చూడండి

ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో అక్షరాలు మధ్యలో తెగిపోతున్నాయి, ఎన్నిసార్లు హెడ్ (కాగితం మీద ఇంకు చల్లే భాగం) క్లీనింగ్ ఇచ్చినా తగ్గట్లేదు, మెకానిక్ హెడ్ మార్చాలంటున్నాడు, మార్చాలా అని అడిగారు. అప్పుడే మార్చకండి. నేను జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతాను. మా దగ్గర ఈ గొడవ వచ్చినప్పుడు చాలాసార్లు తప్పు హెడ్‌ది కాదు, దాన్ని శుభ్రం చేసే భాగానిది.

పని లేనప్పుడు హెడ్ కుడి చివరకు వెళ్లి ఆగుతుంది చూడండి, దాని కింద చిన్న రబ్బరు గిన్నె, అందులో స్పాంజి ఉంటాయి. అదే క్యాపింగ్ స్టేషన్. క్లీనింగ్ ఇచ్చినప్పుడు ఆ రబ్బరు అంచు హెడ్‌కి గట్టిగా అతుక్కోవాలి. అప్పుడే కింది పంపు నాజిల్స్‌లోంచి, అంటే హెడ్‌కున్న సన్నని రంధ్రాల్లోంచి, ఇంకు లాగగలదు. అంచు మీద ఎండిన ఇంకు పేరుకుంటే సందులోంచి గాలి దూరుతుంది, ఇంకు కదలదు. పైగా ఊరికే ఉన్నప్పుడు కూడా హెడ్ ఆరిపోతుంటుంది.

నాజిల్ చెక్ (ప్రింటర్ తీసే గీతల టెస్ట్ పేజీ), ఒక క్లీనింగ్, మళ్లీ నాజిల్ చెక్ తీసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. గీతల్లో ఖాళీలు ఒకే చోట ఉంటే ఆ నాజిల్స్ మూసుకుపోయి ఉండొచ్చు. చోటు మారుతుంటే నాకు ముందు క్యాప్ మీదే అనుమానం.

ఒక పేజీ ప్రింట్ ఇచ్చి, హెడ్ ఎడమకు జరగ్గానే ప్లగ్ తీసేయండి. ఇయర్ బడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. మొదటి బడ్‌కి తారులాంటి జిగురు అంటుకుంటుంది. మూలలు మర్చిపోవద్దు. బడ్ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ పోండి. పిన్నులు, గోళ్లు వాడొద్దు, స్పాంజి పీకొద్దు, బోరు నీళ్లు అసలే వద్దు. పక్కనే ఉన్న రబ్బరు వైపర్‌ని కూడా తుడవండి. దానికి కాగితం నూగు అట్టకట్టి ఉంటే ఆ మురికే మళ్లీ నాజిల్స్‌కి పూస్తుంది.

తర్వాత సిరంజితో గిన్నెలో అంచు దాటకుండా డిస్టిల్డ్ వాటర్ పోసి ఒక్క క్లీనింగ్ ఇచ్చి చూడండి. నీళ్లు పోతే పంపు బాగున్నట్టే. అలాగే నిలిచి ఉంటే పంపో, ట్యూబో పట్టేసింది. మెకానిక్‌ని ముందు అది విప్పమనండి.

క్లీనింగ్‌లో లాగిన ఇంకంతా వేస్ట్ ఇంక్ ప్యాడ్ (ఆ ఇంకును పీల్చుకునే మెత్త)లోకే పోతుంది, కాబట్టి వరసగా క్లీనింగ్ కొట్టకండి. ప్యాడ్ నిండిందని మెసేజ్ వచ్చినప్పుడు ప్యాడ్ ఎంత నిండిందో లెక్కపెట్టే కౌంటర్‌ని రీసెట్ చేసి ఊరుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ప్యాడ్ మార్చకపోతే ఇంకు పొంగి టేబుల్ మీదికొస్తుంది.

ఇంకొకటి, ఆపేటప్పుడు ప్రింటర్ బటన్‌తోనే ఆపండి. హెడ్ క్యాప్ మీదికి చేరాకే బోర్డు స్విచ్ తీయాలి. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే, రాగానే ఒకసారి ఆన్ చేసి సరిగ్గా ఆపండి.

ఇవన్నీ చేశాక కూడా ఖాళీలు అదే చోట ఉంటే, ప్రింటర్‌ని ఒక రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే నాజిల్ చెక్ తీయండి. అప్పటికీ మారకపోతే హెడ్ సంగతి మాట్లాడొచ్చు.